ఎడారి గేటు దగ్గర మా తోడల్లుడి టైర్లు

ఎడారి జాతీయ వనం ముఖ్య సంరక్షణాధికారి గారి సముఖమునకు,

పట్టణంలో డ్రైవింగు బడి నడుపుకొనుచున్న మాస్టారు పెట్టుకొన్న అర్జీ.

విషయం: నాపైన, నా విద్యుత్ కారుపైన విధించిన ప్రవేశ నిషేధమును తక్షణం ఎత్తివేయుట గురించి, అదే నిషేధమును మా తోడల్లుడిపై వేయుట గురించి, మరికొన్ని శిక్షల గురించి.

అయ్యా,

నేను ముప్పై ఏళ్ళకు పైగా ఈ పట్టణంలో జనానికి కారు తోలడం నేర్పుతున్నాను. తమ కార్యాలయంలో జీపు తోలేవారిలో ఒకరైనా నా చేతి కింద నేర్చుకున్నవారే అయివుంటారు, పిలిచి అడగండి. అట్టి నన్ను తమ గేటు కాపలాదారు 'గొడవ మనిషి' అని నివేదిక రాసి పంపగా, తమరు దానిని నమ్మి, ఈ పూలకాలం ముగిసేవరకు నేను గాని నా కారు గాని వనంలో అడుగు పెట్టరాదని ఉత్తర్వు జారీ చేశారు. పూలు పోయాక ఎడారిలో నాకేం పని? ఇసుక మా వీధిలోనే కావలసినంత ఉంది. పక్కవాళ్ళు ఇల్లు కడుతున్నారు.

నా రాత నాకే అర్థం కాదు గనుక, నేను చెబుతుండగా నా భార్య ఈ అర్జీ రాస్తున్నది. మా బడిలో లైసెన్సు దరఖాస్తులన్నీ రాసేది ఆవిడే. అందుచేత అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి కదా అని నా కోపాన్ని తక్కువ అంచనా వేయరాదని ముందే మనవి చేసుకొనుచున్నాను.

ఎన్నో ఏళ్ళ తర్వాత ఈసారి తమ ఎడారిలో మంచి వాన పడింది. ఇసుకలో నిద్రపోతున్న విత్తనాలన్నీ లేచి పూశాయనీ, వేడిగాలి తిరిగిందంటే ఇట్టే మాడిపోతాయనీ పత్రికలో వేశారు. నా భార్య ఆ బొమ్మ కత్తిరించి వంటింటి గోడకు అంటించింది. మా పెళ్ళయిన కొత్తలో ఒకసారి ఇలాగే పూస్తే 'వచ్చే ఏడు వెళదాంలే' అని నేను అన్నానట. ఆ వచ్చే ఏడు ఇదేనని ఆమె తేల్చి చెప్పింది. 'బండి నేనే తోలతాను' అని కూడా అన్నది. ఆమెకు లైసెన్సు ఇప్పించి ఇరవై ఏళ్ళయింది గాని, కూరగాయల బజారు దాటి తోలినది లేదు. అయినా సరేనన్నాను. నేను నా స్థానంలో, అనగా పక్క సీటులో, కూర్చున్నాను. అది నేర్పే బండి గనుక అక్కడ నా కాళ్ళ దగ్గర రెండో బ్రేకు ఒకటి ఉంటుంది. నేర్చుకునేవాడు గోడ మీదికి పోతుంటే మాస్టారు తొక్కడానికి.

మా తోడల్లుడు, అనగా నా భార్య చెల్లెలి భర్త, టైర్ల దుకాణం యజమాని. మా అత్తగారిని, మా మరదలిని తన పెద్ద డీజిలు బండిలో ఎక్కించుకుని మాతోపాటే బయల్దేరాడు. అత్తగారిని మా బండిలోనే రమ్మన్నాను. 'మీ బండి చప్పుడు చెయ్యదు అల్లుడుగారూ, నడుస్తోందో ఆగిందో తెలీదు, నాకు భయం' అన్నారు. అక్కడే మొదలైంది నా దురదృష్టం. ఇక ఫిర్యాదులు వరుసగా చిత్తగించండి.

1. రహదారి నుంచి తమ వనం వైపు తిరిగే మలుపులో తమ శాఖవారు 'ముందు ఛార్జింగ్ కలదు' అని బోర్డు పాతారు. ఎంత ముందో రాయలేదు. ముందు అన్నది చాలా పెద్ద మాట. రేపు కూడా ముందే ఉంది, పైలోకం కూడా ముందే ఉంది. ఇంటి దగ్గర నిండుగా నింపిన బ్యాటరీ, కారు అమ్మినవాళ్ళ లెక్క ప్రకారం, వనం దాకా వచ్చి లోపలంతా తిరిగినా ఇంకా మిగలాలి. సగం దారిలోనే అది అడుగంటడం మొదలుపెట్టింది. ఏసీ ఆపేశాం. కిటికీలు తెరిస్తే గాలి వెనక్కి తోస్తుందని మూసుకుని కూర్చున్నాం. నా భార్య చెమటలు కక్కుతూ తోలింది. 'ఏమండీ, ఆ కాలు కాస్త తీస్తారా' అన్నది. 'నువ్వు రోడ్డు చూడు, నా కాలి సంగతి నేను చూసుకుంటా' అన్నాను. మలుపుల్లో ఆమె తొందరపడినప్పుడు, ఎదురుగా లారీ వచ్చినప్పుడు, ఏదీ రానప్పుడు ముందుజాగ్రత్తగానూ, నేను కొద్దిగా సాయపడిన మాట నిజమే. ఆ మాత్రానికే బ్యాటరీ దిగిపోతుందా? బోర్డు సరిగ్గా రాసివుంటే దిగేది కాదని నా దృఢ విశ్వాసం.

2. మా తోడల్లుడు మమ్మల్ని దాటుకుపోయి, నీడ కనబడ్డ చోటల్లా ఆగి, టీ తాగుతూ నిలబడి, మేము చేరుకోగానే చెయ్యి ఊపి, మళ్ళీ దాటుకుపోయాడు. ఒకచోట మా పక్కకే బండి తెచ్చి, కిటికీలోంచి తల బయటపెట్టి, 'అన్నయ్యా! లాక్కెళ్ళమంటారా? నా దగ్గర తాడుంది!' అని అరిచాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఇతడి సంగతి తేల్చాల్సిందేనని ఆ క్షణంలోనే నిశ్చయించుకొంటిని. అది ఆవేశం కాదు. నేను చల్లగా ఆలోచించే పగపట్టాను, బండిలో చల్లదనం లేకపోయినా.

3. గేటు చేరేసరికి మా బండిలో మిగిలింది రెండు శాతం. తమ గేటు దగ్గర ఉన్నది ఒకే ఒక్క ఛార్జింగ్ స్తంభం. దాని మీద ఒకే ఒక్క రేకుల నీడ. ఆ నీడలో, 'విద్యుత్ వాహనములకు మాత్రమే' అన్న బోర్డుకు ముక్కు ఆనించి, మా తోడల్లుడి డీజిలు బండి. తాళం వేసి ఉంది. అత్తగారికి గేటు పక్కనున్న తమ ఫొటోల గది చూపించడానికి వెళ్ళాడట. కాపలాదారుని నిలదీశాను. 'నేనే పెట్టమన్నాను సార్. పెద్దావిడ దిగుతూనే ఎండకి తూలారు. ఇప్పుడొచ్చేస్తారు, అలా కూర్చోండి' అన్నాడు. కూర్చోవడానికి ఆ నీడ తప్ప మరో నీడ లేదు. బోర్డుల మీద ఒకటి రాసి, నేల మీద ఇంకొకటి చేయించే ఉద్యోగిని తమరు జీతమిచ్చి పోషించుచున్నారని తమ దృష్టికి తెచ్చుచున్నాను.

4. అంతటితో ఊరుకోక, సదరు కాపలాదారు మా ముందు చక్రం దగ్గర వంగి, ముక్కు ఎగబీల్చి, 'మాడు వాసన వస్తోంది సార్. దారంతా ఎవరో బ్రేకు మీద కాలేసుకునే వచ్చారు. అందుకే ఛార్జీ అంతా పోయింది' అన్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? నేను అతడిని అడిగానా? అయ్యా, ఇది మామూలు కాలు కాదు. ఒక జడ్జీగారిని గోడకు గుద్దుకోకుండా ఆపిన కాలు. పాల లారీ కిందికి దూరబోయిన దంతవైద్యురాలిని ఆపిన కాలు. ఈ పట్టణంలో సగం మంది ఇవాళ బతికి తిరుగుతున్నారంటే దీని చలవే. నా తరఫున నా భార్య ఒక్క మాటైనా అంటుందని చూశాను. ఆమె చక్రం వైపు చూసింది, నా కాలి వైపు చూసింది, కారు తాళంచెవి నా చేతిలో పెట్టి కొండల వైపు నడిచి వెళ్ళింది. ఆ కాపలాదారు ఒక (ఈ చోట చెప్పిన రెండు మాటలు రాయలేదు. రాసినవారు.)

5. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోక తప్పదు. మా తోడల్లుడి బండి టైర్లలో గాలి తీసినది నేనే. పుల్ల ఒకటి దొరికింది. చుట్టూ ఎవరూ లేరు. నాలుగు చక్రాలకూ సమానంగా, వంతులవారీగా తీశాను. పని ఏదైనా పద్ధతిగా చేయడం నా అలవాటు. అతడు తిరిగి వచ్చి, బండి కదలక, మండుటెండలో పంపు కొట్టుకుంటూ, 'అన్నయ్యా, కాస్త సాయం పట్టండి' అని నన్ను బతిమాలుకోవాలి. నేను వినపడనట్టు కొండలు చూడాలి. ఇదీ నా పథకం. అతడి బండి కదలకపోతే ఛార్జింగ్ స్తంభం ఖాళీ కాదు, స్తంభం ఖాళీ కాకపోతే మా బండి కదలదు అన్న సంగతి మూడో చక్రం దగ్గర తట్టింది. అప్పుడు వెనక్కి తగ్గడం పౌరుషం కాదనిపించి నాలుగోది కూడా తీశాను. (చెరువు మీద అలిగినవాడి సామెత ఇక్కడ సరిపోతుందని నాకు తోచింది. ఆయనకు తోచలేదు. రాసినవారు.)

నాలుగూ సగానికి దిగేసరికి మా తోడల్లుడు అత్తగారిని పట్టుకుని రానే వచ్చాడు. టైర్లు చూశాడు. నా చేతిలో పుల్ల చూశాడు. పరుగున వచ్చి నన్ను కౌగలించుకున్నాడు.

'అన్నయ్యా! ఇసుకలో దిగాలంటే గాలి తగ్గించుకోవాలని మీకెలా తెలుసు? ఈ ఎండలో వంగి ఎలా తియ్యాలా అని ఫొటోల గదిలో అదే బెంగ. కాగల కార్యం గంధర్వులే తీర్చారు! మళ్ళీ నింపుకోడానికి పంపు బండిలోనే ఉంది.'

అందరూ నవ్వారు. తమ కాపలాదారూ నవ్వాడు. మా అత్తగారు 'పైకి కనబడడు గాని, పెద్దల్లుడికి చిన్నల్లుడంటే ఎంత ప్రేమో' అని కళ్ళు తుడుచుకున్నారు. నేను మింగలేక కక్కలేక 'ఏదో, నాకు చేతనైన సాయం' అన్నాను. అయ్యా, తమరు ఉద్యోగరీత్యా ఎన్నో క్రూరమృగాలను చూసివుంటారు. పగ తీర్చుకోబోయి కృతజ్ఞతలు అందుకున్న మృగాన్ని ఎక్కడైనా చూశారా? ఆ కౌగిలింత ఇప్పటికీ నా భుజాల మీద మండుతూనే ఉంది.

అప్పుడు అతడు నా భార్యను పిలిచాడు. 'వదినా, మీరూ ఎక్కండి, చోటుంది. బండికి ఛార్జింగు ఎక్కేదాకా అన్నయ్య ఇక్కడుంటారు. సూర్యుడు కొండ దాటితే లోపలికి పోనివ్వరట.' ఆమె వచ్చి బండి మెట్టు మీద ఒక కాలు పెట్టింది. నా వైపు చూసింది. 'మన బండిలోనే పోదాం, ఎంతసేపు, ఇట్టే ఎక్కేస్తుంది' అన్నాను. వాళ్ళ బండిలో నా భార్య పోతే నా పరువేం కాను? ఆమె కాలు దించేసింది. వాళ్ళు దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయారు.

6. తమ ఛార్జింగ్ స్తంభం గురించి. అది కరెంటు ఇవ్వదు, భిక్ష వేస్తుంది. ఒక్కొక్క శాతం ఎక్కడానికి మనిషి జీవితాన్ని మొదటి నుంచీ నెమరు వేసుకోవచ్చు. నేను వేసుకున్నాను. నా భార్య ఆ రేకుల కింద స్తంభానికి అటుపక్క కూర్చుంది, నేను ఇటుపక్క. సరిపడా ఎక్కిందని తీగ లాగి బయల్దేరబోతే తమ కాపలాదారు అడ్డుకర్ర దించేశాడు. సూర్యుడు కొండ వెనక్కి పోయాడట. పోలేదు. ఇంకా ఒక అంచు కనబడుతూనే ఉంది. నేను వేలితో చూపించాను. 'రూలు రూలే సార్. చీకట్లో దారి తప్పితే వెతకాల్సింది మేమే' అన్నాడు. నా భార్య అతడితో మెల్లగా 'ఇక్కడికి దగ్గర్లో ఎక్కడైనా కనిపిస్తాయా, ఒక్కటైనా?' అని అడిగింది. 'లేదమ్మా, గుట్టలు దాటాలి' అన్నాడు.

అది విన్నాక నాకు ఒళ్ళు తెలియలేదు. కారు తెచ్చి గేటుకు అడ్డంగా పెట్టి తాళం వేశాను. నేను పోలేని దారిలో మా తోడల్లుడు రాకూడదు. రాత్రంతా లోపలే ఉండనీ, ఎడారి రుచి తెలుస్తుంది అనుకున్నాను. తిరిగి వస్తున్న బండ్లన్నీ వరుసగా ఆగిపోయి హారన్లు కొట్టాయి. అందులో తమ జీపు కూడా ఉందని నాకు తర్వాత తెలిసింది. ఈ నిషేధానికి అసలు కారణం అదేనని నా అనుమానం. ఉత్తర్వులో మాత్రం 'ప్రజా అసౌకర్యం' అని రాశారు.

చివరికి తాళంచెవి నా చేతిలోంచి తీసుకుని కారు పక్కకు తీసింది నా భార్యే. మా తోడల్లుడి బండి బయటికి వచ్చింది. చక్రాలకు పసుపు రంగు పుప్పొడి అంటుకుని ఉంది. మా అత్తగారు కిటికీలోంచే 'అమ్మాయ్, ఏం చెప్పనే, ఏం చెప్పనే!' అన్నారు. నా భార్య 'ఏ రంగులున్నాయమ్మా?' అని అడిగింది. ఆవిడ కాసేపు ఆలోచించి 'అన్నీ' అన్నారు.

7. తిరుగు ప్రయాణంలో నేనే తోలాను. నా భార్య వెనక సీటులో కూర్చుంది. పక్క సీటు ఖాళీగానే వచ్చింది. వచ్చేటప్పుడు మాత్రం బ్యాటరీ ఇంటి దాకా వచ్చి ఇంకా మిగిలింది. గాలివాటం అయివుండవచ్చును.

అయ్యా, ఇక ఇంటి సంగతి మనవి చేసుకుంటాను. ఇది ఏ నంబరు కిందికి వస్తుందో నాకు తెలియడం లేదు. ఆ రోజు నుంచి నా భార్య నాతో పోట్లాడడం లేదు. పోట్లాడితే నాకు బాగుండేది, నేను జవాబులు సిద్ధం చేసుకునే ఉన్నాను. అన్నం పెడుతుంది, దరఖాస్తులు రాస్తుంది, ఫోను వస్తే నాకిస్తుంది. ఇప్పుడు కూడా నేను చెబుతుంటే 'ఊఁ, తర్వాత' అంటున్నదే తప్ప తలెత్తి చూడడం లేదు. వంటింటి గోడ మీద ఆ పత్రిక బొమ్మ లేదు. ఎక్కడ పెట్టావని అడిగే ధైర్యం నాకు లేదు. బజారులో ముక్కూమొహం తెలియనివాళ్ళను కూడా 'రేయ్, క్లచ్ వదులు' అని కేకలేసే మనిషిని, ఇంట్లో నా కంచం చప్పుడు నాకే భయమేస్తున్నది. దీనికంతటికీ కారకులు మా తోడల్లుడు, తమ కాపలాదారు, తమ బోర్డు, తమ స్తంభం, తమ సూర్యుడు. ఒక్కరినీ వదలను.

కావున తమరు దయతో ఈ క్రింది విధంగా ఉత్తర్వులు జారీ చేయ ప్రార్థన:

మొదటిది, నాపైన, నా కారుపైన గల నిషేధాన్ని పూలు ఉండగానే ఎత్తివేయవలెను.

రెండవది, మా తోడల్లుడిని, అతడి డీజిలు బండిని, అతడి సంతానంలో టైర్ల వ్యాపారం చేసేవారిని, ఈ వనంలోకి శాశ్వతంగా రానీయరాదు. అతడి ఫొటో గేటు దగ్గర అంటించవలెను. ఫొటో నేనే ఇవ్వగలను. ఎవరిదో పెళ్ళిలో నోరు తెరిచి నిద్రపోతుండగా తీసినది ఒకటి నా దగ్గర భద్రంగా ఉన్నది.

మూడవది, సదరు కాపలాదారుని తమ వనంలో బొత్తిగా నీడ లేని చోటికి బదిలీ చేయవలెను. అతడి చేత 'ఆ వాసన బ్రేకులది కాదు' అని రాయించి, ముద్ర వేసి నాకు ఇప్పించవలెను. నా బడిలో గోడకు తగిలించుకుంటాను.

నాలుగవది, మా అత్తగారు వచ్చినవారందరికీ ఆ పూల గురించి చెప్పడం ఆపేలా తమ శాఖాపరంగా ఏదైనా అవకాశం ఉంటే పరిశీలించవలెను. నిన్న పాలు పోసేవాడికి కూడా చెప్పారు.

వేడిగాలి తిరగకముందే ఈ అర్జీని చిత్తగించవలెను. చిత్తగించని పక్షంలో మళ్ళీ రాస్తాను. అప్పుడూ చిత్తగించకపోతే స్వయంగా వచ్చి గేటు బయట నిలబడి చదువుతాను. గేటు బయట నిలబడరాదని ఉత్తర్వులో లేదు.

ఇట్లు,
ఈ ఒక్కసారికి తమ విధేయుడు,
డ్రైవింగు మాస్టారు

మనవి: పై అర్జీ రాసినది నేను, ఆయన భార్యను. ఆయన సంతకం పెట్టి, భోంచేసి పడుకున్నారు. కవరు అంటించి మీ పట్టణ కార్యాలయంలో ఇచ్చి వచ్చే పని ఎప్పటిలాగే నాది కనుక, ఈ నాలుగు ముక్కలు కలుపుతున్నాను.

మొదటి కోరికను దయచేసి రెండుగా విడదీసి పరిశీలించగలరు. కారు మీది నిషేధం ఎత్తివేయండి. మనిషి మీది నిషేధం ఉండనివ్వండి. వీలుంటే పొడిగించండి. మిగతా కోరికలు పట్టించుకోనక్కరలేదు. మీ కాపలాదారు చెప్పినదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు.

ఆ రోజు నేను మా మరిదిగారి బండి మెట్టు మీంచి కాలు దించుకున్నది ఆయన మాట విని అని ఆయన అనుకుంటున్నారు. కాదు. ఆ పూలను నేను తోలుకుంటూ వెళ్ళి చూడాలనుకున్నాను. ఇరవై ఏళ్ళుగా ఆయన పక్కన ఉంటే, బండి నడుపుతున్నది నేనో ఆయన కాలో నాకే తెలిసేది కాదు. చక్రాల దగ్గర ఆ మాడు వాసన తగిలినప్పుడు నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇన్నేళ్ళకు వచ్చింది కనుక దాన్ని వృథా చేయదలచుకోలేదు.

నిన్న ఆయన పాఠానికి వచ్చినవాళ్ళకు రోడ్డు గుర్తుల పటం చూపిస్తుండగా, మెకానిక్కును పిలిపించి రెండో బ్రేకు ఊడదీయించాను. వేడిగాలి ఇంకా తిరగలేదని మీ కార్యాలయానికి ఫోను చేసి కనుక్కున్నాను. మీ ఉత్తర్వు చేతికి అందిన మర్నాడు తెల్లవారుతూనే బయల్దేరతాను. అమ్మ తోడు వస్తానంది. వద్దన్నాను.

నేను వెళ్ళానని తెలియగానే ఆయనకు ఉన్న దారి ఒక్కటే. మా మరిదిగారి కాళ్ళావేళ్ళా పడి, ఆ డీజిలు బండిలోనే ఎక్కి, నా వెనకే వస్తారు. మరిదిగారిని లోపలికి పంపండి, ఆయన మంచివారు. మా ఆయన్ని మాత్రం గేటు దగ్గర కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వండి. ఎంతసేపు పడుతుందని అడుగుతారు. మీ ఆవిడకు తొందరేమీ లేదట అని చెప్పండి.

ఇట్లు,
సదరు కారు యజమానురాలు
(కాగితాలు మొదటి నుంచీ నా పేరనే ఉన్నవి. నకలు జతపరచడమైనది.)